బోలుగా మోగిన టైలు

కామాటిపుర పదకొండో గల్లీలో, వరుస గదుల చాల్‌లో ఖాళీ చేస్తున్న గది అది. నేల వాడకంతో అరిగిందా, అద్దెకున్నవాళ్లు పాడుచేశారా తేల్చమని ఓనరు పంపితే, టైల్స్ మేస్త్రి అంజిలయ్య వచ్చి నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

“పొయ్యికాడ అరిగింది వాడకంతోనే అక్కా. దానికి మీ తప్పేం లేదు,” అన్నాడు అద్దెకున్నామెతో.

“ఈ టైలు పగిలింది మాత్రం మా తప్పే తమ్మీ. మా బిడ్డ ప్రణాలి ఆరేండ్లున్నప్పుడు కుక్కర్ పడేసింది. దాచుడెందుకు?”

“కుక్కర్ పడితే ఇట్ల పగలదు.”

“పగిలింది గద! డిపాజిట్ పోతదని కోపంల పిల్లను అట్లకాడతో కొట్టిన. వాత తేలింది. ఇప్పటికీ ఈ టైలు మీద కాలు పెట్టదు.”

అంజిలయ్య తాపీ పిడితో తట్టాడు. టైలు ఖాళీ కుండలా మోగింది. పదేళ్ల కిందట ఆ నేల పరిచింది తనే. తొందరగా ముగించాలని అంచులకే సిమెంటు పెట్టి, నడుమ వదిలేశాడు. ఆ మాట ఓనరుకు తెలిస్తే మళ్లీ పనికి పిలవడు. అయినా ఆమె మొహం చూడలేక తల దించుకునే చెప్పాడు.

“పిల్ల తప్పు గాదక్కా. ఈ నేల నేనే ఏసిన. అడుగున సిమెంటు నింపలే, అందుకే దెబ్బకు పగిలింది. ఓనర్‌కు గిదే చెప్త.”



“ఓనర్‌కు తర్వాత. ముందుగాల మా పిల్లకు చెప్పు,” అని ఆమె బయటి గ్యాలరీ వైపు తిరిగింది. “ప్రణాలీ, ఒక్కసారి లోపలికి రా బిడ్డా.”

ఆమె వచ్చి ఆ పగిలిన టైలు పక్కనే కూర్చుంది.

“నేను గూడ చెప్పేదుంది.”