దినేశ్ వేసిన వాటాలు

నెల్లికుదురు బస్టాండు ఎదురుగా జానీమియా హోటల్లో పొద్దున దినేశ్ దొరికాడంటే ఆ పూట ఎవరి పనీ సాగనట్టే. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం, సెలవు మీద వచ్చాడు, చెప్పడానికి ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. ఆ రోజు పక్క తండా ప్రేమ్‌సింగ్ వినడానికి కుదురుగా కూర్చున్నాడు. ఐలయ్య మాత్రం నిలబడే ఉన్నాడు. దినేశ్ వాళ్ల పొలం, ఐలయ్య మిరప తోట పక్కపక్కనే. రెండింటికీ కలిపి ఒకటే బోరు, ఒకనాడు వీళ్ల వంతు, ఒకనాడు వాళ్ల వంతు.

"బిడ్డా, జర బోరు కాడికి పోదాం పా. మిరప తలకాయలు ఏలాడేసింది" అన్నాడు ఐలయ్య.

"పోదాం కాక, ఒక్క నిమిషం. గీ ముచ్చట చెప్పి వస్త. ఏం లేదు ప్రేమన్నా, నేను చేసింది శాన చిన్న పని. ఒక్క పేజీ రాసిన, గంతే. కంప్యూటర్ల ప్రాసెసర్ అని ఉంటది, లెక్కలన్ని చేసేది గదే. దాని పక్కకే చిన్న జాగ ఉంటది, క్యాష్ మెమరీ అంటరు. ఇగో, జానీభాయ్ పొయ్యి పక్కన చక్కెర డబ్బ పెట్టుకున్నడు సూడు, గట్ల. మాటిమాటికి కావల్సిన సరుకు అండ్ల ఉంటది, లోపలి అర్రకు ఉరికే పని తప్పుతది. అయితే ఆ జాగ అందరికి పొత్తుల. ఒక మొండి ప్రోగ్రాం ఉన్నదనుకో, జాగంత తన సరుకుతోనే నింపుతది, పక్కదాని సరుకు బయటపడుతది. ఇగ పక్కది లోపలికి బయటికి ఉరుకుడే సరిపాయె, పని ఎట్ల సాగుతది? గందుకే లినక్స్ కెర్నల్, అంటే కంప్యూటర్ల అందరి మీద పెత్తనం చేసేది, ఆ జాగను వాటాలు ఏసే తరీక పెట్టింది. ఎవనికి ఎంత, ఎట్ల ఎయ్యాలె, గది జనానికి సమజయ్యేటట్టు రాసుడు నా పని."

"మంచి పనే" అన్నాడు ప్రేమ్‌సింగ్.

"అటెన్క ఏమైందో ఎరికేనా? కెర్నల్‌ల ఒక్క ముక్క చేరాలంటే ఊకె కాదు. దునియాల ఉన్న మేధావులంత మెయిళ్లల్ల కొట్లాడుతరు, ఒక్క కామా కోసం బతుకమ్మ పండుగ నుంచి ఉగాది దాక పంచాది. నా పేజీ పంపితే ఎవ్వరు సప్పుడు చెయ్యలే. ఏంది సంగతని నేనే ఫోన్ చేస్తే జర్మనీల పెద్దాయన ఏడ్వవట్టె. 'దినేశ్ గారూ, తప్పు పట్టెతందుకు ఏం మిగిల్చలేదు గదా' అని."

"తెలుగుల ఏడ్శిండా?" అన్నాడు జానీమియా పాలు తిరగపోస్తూ.

"నా పేజీ సదివినంకనే నేర్చుకున్నడు. ఇగ గంతల ఒక పెద్ద కంపెనీల కంప్యూటర్లన్ని మొరాయించినయి. ఇంజినీర్లు పరేషాన్. ఒకడు నా పేజీ ప్రింటు తీసి గట్టిగ సదివిండు. సెట్టింగు ఏం మార్చలే, ఉత్తగ సదివిండు. ప్రోగ్రాములన్ని సిగ్గుపడి ఎవరి వాటాల వాళ్లు సర్దుకున్నరు. పని హల్క అయ్యేసరికి మిషన్లు సల్లబడ్డయి. సల్లబడి సల్లబడి మంచు పట్టింది, ఇంజినీర్లు దుప్పట్లు కప్పుకొని డ్యూటీ చేసిన్రు. మరి మిగిలిన కరెంటు ఏడవోవాలె? తీగెల పొంటి ఎనకకు మర్రింది. కరెంటు తయారయ్యే భూపాలపల్లిల స్విచ్చులు బంద్ చేసినా బల్బులు ఆరలే. టేకుమట్లల ఫ్యాన్లు ఆగకపోతే జనం తాళ్లతోని కట్టేసిన్రు."

"టేకుమట్ల పక్కనే మొగుళ్లపల్లిల మా బావమరిది ఉంటడు. ఒక్క మాట చెప్పలేదే" అన్నాడు ప్రేమ్‌సింగ్.

"ఎట్ల చెప్తడు? ఫ్యాను పట్టుకొని ఉన్నడు."

"బిడ్డా, ఎండ ఎక్కుతాంది" అన్నాడు ఐలయ్య.

"అయిపోయింది కాక. మోటరు కాలిందా ఏంది? నేను సూస్త పా. ఇగ అందరికి వాటాలు ఏసినంక ఆ క్యాష్‌ల జర జాగ మిగిలింది. పారేస్తమా? నా ఫోన్ల ఏసుకున్న. అప్పటిసంది ఎవలన్న మెసేజ్ పెట్టకముందే జవాబు పోతాంది. మొన్న మానుకోట స్టేషన్ల టికెట్ కోసం ఫోన్ తీసిన. తీసుడే ఆలస్యం, సికింద్రాబాద్‌ల దిగి ఉన్న. ఎక్కింది యాదికి లేదు. రైలు నా ఎనక వచ్చింది."

"మరి నీ బ్యాగు?"

"బ్యాగు రైలులనే వచ్చింది జానీభాయ్. దానికి వాటా ఎయ్యలే గద."

ఐలయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. "దినేశ్, గా పేజీల అసలు ముక్క ఏందో ఒక్కటి చెప్పు."

దినేశ్ చాయ్ గ్లాసు కింద పెట్టి నిటారుగా కూర్చున్నాడు. "ఒకని వాటా ఇంకొకడు నింపద్దు. గంతే కాక. దునియా అంత గీ ఒక్క ముక్క మీదనే నడుస్తాంది."

"మోటరు కాలలే బిడ్డా. మంచిగ నడుస్తాంది. పొద్దుగాల కరెంటు రాంగనే నువ్వు పెట్టిన ఆటో స్టార్టర్ దాన్ని చాలు చేసింది. ఇయ్యాల వంతు నాది. నీళ్లేమో నీ వరి మడిల పారుతున్నయి. నా దిక్కు మర్లేసుకుందామంటే గేటువాల్‌కు నీ తాళం ఉన్నది. గిట్లనే ఉంటే నా పూతంత రాలుతది."

హోటల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే దినేశ్ దాని మీద ఇంకో కోత కోసి బయటపడేవాడు.

"ఎవలన్న తిప్పుతరని ఏసిన కాక. తీసుడు మర్శిన" అన్నాడు మెల్లగా. అంతలోనే ఊరుకోలేక, "గిది గూడ పేజీల రాసిన. వాటా మార్చినా పాతోని సరుకు ఎంటనే ఖాళీ కాదు..."

"తాళంచెయ్యి" అని ఐలయ్య చెయ్యి చాపాడు.

దినేశ్ అంగీ జేబులోంచి తీసి ఇచ్చాడు. "నేను గూడ వస్త కాక. బిగుసుకొని ఉంటది."

"వద్దు, కూసో" అన్నాడు ఐలయ్య అప్పటికే రోడ్డు మీదికి దిగి. "నువ్వు రాసుకో బిడ్డా. వాల్ నేను తిప్పుకుంట."