భానుమతమ్మ దులిపిన బూజు

నా పేరు గుండేటి తిరుపతయ్య. వయసు యాభై మూడు. వృత్తి వంట. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఒక భారతీయ రెస్టారెంటులో పనిచేస్తున్నాను. సొంత ఊరు జగిత్యాల జిల్లా మెట్‌పల్లి. ఏడో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత చదవడం, లెక్కలు రాయడం సొంతంగా నేర్చుకున్నాను. నా జర్మన్ వంటింటికి సరిపోతుంది, కోర్టుకు సరిపోదు. అందుకని తెలుగులో చెబుతున్నాను. కోర్టు నియమించిన దుబాసీ ప్రవీణ గారు జర్మన్‌లోకి మారుస్తున్నారు.

ఈ కేసు వేసిన విక్రాంత్, గిరిజ దంపతుల ఇంట్లో, ఇదే ఊళ్లోని డుర్లాఖ్‌లో, కింది గదిలో అద్దెకు ఉంటున్నాను. వారికీ నాకూ చుట్టరికం లేదు. పైన వారిద్దరూ, వారి కూతురు మనోజ్ఞ, విక్రాంత్ తల్లి భానుమతమ్మ గారు ఉంటారు. మనోజ్ఞకు పన్నెండేళ్లు. ఆ పాప ఇక్కడే పుట్టింది.

ముందుగా ఒక మాట. తడిసిన గోడకు పట్టే నల్లటి మచ్చలను ఇక్కడ షిమ్మెల్ అంటారు. మేము బూజు అంటాం. కప్పు మూలల్లో సాలీడు అల్లే గూడును కూడా మేము బూజు అనే అంటాం. రెండూ కలిసిపోకూడదు కాబట్టి గోడ మచ్చలను నేను షిమ్మెల్ అనే చెబుతాను.

ఈ ఏడాది జనవరిలో పై అంతస్తు స్నానాల గది గోడలో పైపు పగిలింది. బయటికి నీళ్లు కనపడలేదు. పక్క గదిలో అలమారా వెనక, నేలకు దగ్గరగా, గోడ నల్లబడింది. అది భానుమతమ్మ గారి గది. ఆమెకు దగ్గు పట్టుకుంది. ఆమెను హాల్లో పడుకోబెట్టి, బీమా కంపెనీకి రాశారు. పైపు నీటి వల్ల వచ్చిన షిమ్మెల్‌కు బీమా ఇస్తుందనీ, ముందు నుంచీ ఉన్నదానికి ఇవ్వదనీ గిరిజ నాకు చెప్పారు.

మార్చి మొదటి వారంలో, ఫాషింగ్ పండగకు బడికి ఇచ్చిన సెలవుల్లో, కంపెనీ మనిషి చూడడానికి వచ్చాడు. టెర్మిన్, అంటే వస్తామన్న టైము, పదకొండు గంటలకు ఇచ్చారు. ఆయన తొమ్మిదిన్నరకే వచ్చాడు. విక్రాంత్ ఆఫీసు పని మీద బెర్లిన్‌లో ఉన్నారు. గిరిజ పది గంటలకు వస్తానని డ్యూటీకి వెళ్లారు. ఇంట్లో భానుమతమ్మ గారు, మనోజ్ఞ ఉన్నారు. అలమారా జరపాలని భానుమతమ్మ గారు పిలిస్తే నేను పైకి వెళ్లాను. ఆమెను నేను పెద్దమ్మ అంటాను. తర్వాత జరిగినదంతా నా ఎదుటే జరిగింది.

ఆయన గోడ ఫోటోలు తీసి మనోజ్ఞను ఏదో అడిగాడు. మనోజ్ఞ తెలుగులో, "నానమ్మా, ఈ గదిలో ఇంతకు ముందు కూడా ఏమన్నా ఉండేనా అని అడుగుతున్నాడు" అంది.

పెద్దమ్మ ముఖం మారింది. ఇల్లు మురికిగా పెట్టుకున్నారని ఆయన అంటున్నాడనుకుంది. "ఏమనుకుంటున్నడు బిడ్డా మన గురించి? చెప్పు ఆయనకు. ఏటేటా దసరా ముంగట ఈ గదిల బూజు దులుపుతం. పైన మూలలకు ఎంత బూజు వడ్తదో! ఒక్కసారన్న ఇడిసిపెట్టలె అని చెప్పు" అంది.

మనోజ్ఞ జర్మన్‌లో చెప్పింది. షిమ్మెల్ అనే మాట నాకు వినపడింది. 'ఏటేటా' అనే మాటకు జర్మన్ కూడా వినపడింది. ఆయన కలం ఎత్తి అదే మాట మళ్లీ అడిగాడు. మనోజ్ఞ "యా" అంది. ఆ ఒక్క మాట పెద్దమ్మకు అర్థమైంది. ఆమె కూడా సంతోషంగా తల ఊపింది. చాయ్ పెట్టి, సర్వపిండి కూడా పెట్టింది. ఆయన రెండు ముక్కలు తిన్నాడు. బాగుందన్నాడు.

అక్కడే ఎందుకు సరిచేయలేదని కంపెనీ వకీలు గారు అడిగారు. నాకు తప్పు తోచలేదు, ఏ బూజైనా జర్మన్‌లో షిమ్మెలే అనుకున్నాను. సాలీడు గూడుకు జర్మన్ మాట నాకు తెలియదు. ఈ రోజు ప్రవీణ గారి నోటే మొదటిసారి విన్నాను.

ఏప్రిల్‌లో కంపెనీ కాదని రాసింది. ఈ గదిలో ప్రతి ఏడూ షిమ్మెల్ వస్తున్నట్టు ఇంటివాళ్లే ఒప్పుకున్నారని, ఆ సంగతి దాచి బీమా అడిగారని రాసింది. గిరిజ ఆ ఉత్తరాన్ని వంటింట్లో గట్టిగా చదివారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. అందరికంటే ముందు అర్థమైంది మనోజ్ఞకే. కంచం వదిలేసి లేచిపోయింది.

ఆ రోజు వారి మధ్య జరిగిన మాటలు చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. విక్రాంత్ అన్నారు, "సింపుల్. అమ్మకు వయసైంది, ఏం మాట్లాడుతుందో ఆమెకే గుర్తుండదు అని రాసేద్దాం. లేదంటే పాపకు తెలుగు సరిగా రాదని రాద్దాం. ఏదో ఒకటి."

పెద్దమ్మ హాల్లోంచే అంది, "నాకు మతి లేదారా? నిన్న పప్పుల ఉప్పెక్కువైందని మొత్తుకుంటివి. రెండుసార్లు ఏసింది నేనే. మంచిగ యాదికున్నది."

విక్రాంత్ నవ్వారు. గిరిజ నవ్వలేదు. "ఒక గోడ కోసం అత్తమ్మకు మతిమరుపు అంటగట్టను. నా బిడ్డకు తన భాష రాదని కోర్టు కాగితంలో రాయించను. ఆమె నిజం చెప్పింది, ఇదీ నిజం చెప్పింది. ఇద్దరిదీ నిజమని చెప్పే దారి ఉంటే కొట్లాడదాం. లేకుంటే ఆ గోడ మనమే గీకి రంగేసుకుందాం" అన్నారు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఎవరినీ ముఖం మీద పొగడలేదు. ఇక్కడ నిజం చెప్పాలన్నారు కాబట్టి చెబుతున్నాను: అంత నిదానంగా, అంత గట్టిగా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు. తర్వాత అన్నం వడ్డించారు. మనోజ్ఞ కంచం మీద మూత పెట్టి గదికి తీసుకెళ్లారు.

గోడ గురించి నాకు స్వయంగా తెలిసింది ఇది. నిరుడు దసరా ముందు ఆ గది దులిపిన రోజు నేను సాయం చేశాను. అలమారా జరిపింది నేనే. పెద్దమ్మ కర్రకు చీపురు కట్టి కప్పు మూలలు దులిపింది. దులిపింది పైన. ఇప్పుడు నల్లబడింది కింద. ఆ రోజు అలమారా వెనక ఊడ్చింది కూడా నేనే. గోడ కింది దాకా తెల్లగా ఉంది. వకీలు గారు మళ్లీ అడిగారు. గోడ తెల్లగా ఉంది.

నేను రోజూ లెక్కలు రాస్తానని విన్నామని, ఈ సంగతి అందులో ఉందా అని వకీలు గారు అడిగారు. లేదు. అందులో ఉల్లిగడ్డలు, నూనె, ట్రామ్ టికెట్ ఉంటాయి. ఒకరి ఇంటి గోడ గురించి రాసుకోవడం నాకు అలవాటు లేదు.

గిరిజ తయారు చేసిన అర్జీ మీద నేను సంతకం పెట్టిన మాట నిజమేనా అని కూడా అడిగారు. నిజమే. అది పార్లమెంటుకు పంపే అర్జీ. గోడలోని పైపు కారి షిమ్మెల్ వస్తే బీమా ఇచ్చి తీరాలనీ, అది పాతదని అంటే కంపెనీయే రుజువు చేయాలనీ చట్టం తేవాలని అందులో ఉంది. ఇంటివాళ్ల మాట రాసుకునేటప్పుడు దుబాసీని పెట్టాలనీ, పిల్లలతో ఆ పని చేయించకూడదనీ కూడా ఉంది. ఆ చివరి మాట గిరిజ తర్వాత చేర్చారు.

అర్జీ తెచ్చిన రోజు నేను చదవకుండానే కలం తీశాను. ఆమె కాగితం వెనక్కి లాక్కున్నారు. "ముందు వినన్నా. అర్థం కానిది అడుగు. అర్థం కాకుండా సంతకం పెడితే మళ్లీ బూజు కథే అయితది" అన్నారు. తెలుగులో చెప్పారు. నేను అడిగినవాటికి జవాబిచ్చారు. ఈ చట్టం వస్తే మీ గోడ బాగవుతుందా అని అడిగాను. "కాదన్నా. వచ్చినా ఆ తర్వాత రాసుకునే బీమాలకే. మాకేం రాదు" అన్నారు. అప్పుడు సంతకం పెట్టాను. ఆ సంతకం వల్ల నేను ఒక పక్షం మనిషినయ్యానా అంటే, గోడ మాత్రం సంతకానికి ముందే తెల్లగా ఉంది.

సాక్ష్యానికి రమ్మన్నప్పుడు ఏం చెప్పాలని గిరిజను అడిగాను. "చూసింది చూసినట్టు చెప్పు. మా ఇంటి కోసం ఒక్క మాట కూడా కలపకు" అన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఉత్తరం వచ్చిన రోజు నుంచి మనోజ్ఞ ఇంట్లో తెలుగు మాట్లాడడం మానేసింది. నానమ్మ ఏది అడిగినా జర్మన్‌లోనే జవాబిస్తుంది. పెద్దమ్మకు జర్మన్ రాదు. అయినా అడగడం మానలేదు. తిన్నావా బిడ్డా, చలి పెడుతుందా బిడ్డా అని రోజూ తెలుగులోనే అడుగుతుంది.

ఈ ఉదయం అందరం కలిసి కోర్టుకు బయల్దేరాం. ట్రామ్ స్టాపు అద్దం మూలలో సాలీడు గూడు ఉంది. మంచుకు తడిసి తెల్లగా కనిపిస్తోంది. మనోజ్ఞ దాన్ని చాలాసేపు చూసింది. నానమ్మ కొంగు పట్టుకుని తెలుగులో అడిగింది.

"నానమ్మా, ఇది బూజేనా?"

"అవ్ బిడ్డా. బూజే."

"మరి బ్రెడ్ మీద వచ్చేది?"

"అదీ బూజే."

"రెండూ ఎట్లా?"

"ఎట్లనో నాకేం ఎరుక? మా అమ్మ గట్లనే అన్నది. నేను గట్లనే అన్న."

మనోజ్ఞ "అయితే నేను కూడా గట్లనే అన్న" అంది.

"గట్లనే అన్నవు బిడ్డా" అంది పెద్దమ్మ.

ట్రామ్ వచ్చింది. ఎక్కాం.

ఇది కేసుకు సంబంధం లేని విషయమని వకీలు గారు అన్నారు. అయినా రాయమని నేను కోరాను. న్యాయమూర్తి గారు రాయించారు.

పైన రాసింది నేను చూసింది, విన్నది. ఎవరూ నాతో చెప్పించలేదు. ప్రవీణ గారు మొత్తం తెలుగులో చదివి వినిపించారు. బూజు అన్న ప్రతి చోటా ఆపి, ఏ బూజో అడిగి సరిచూసుకున్నాను. అంతా సరిగా ఉందని ఒప్పుకుని, తెలుగులో సంతకం చేస్తున్నాను.

(సం.) గుండేటి తిరుపతయ్య
కార్ల్స్‌రూహె