జామచెట్టుకు నీళ్ళు

సందు చివరి ఖాళీ స్థలంలో అత్త జామచెట్టుకు నీళ్ళు పోస్తోంది. కోడలు గోడ పక్కనే ఆగిపోయింది.

“అత్తయ్యా, రేపు పొద్దున్నే చెట్లు కొట్టేస్తారట. ఇంకా నీళ్ళెందుకు?”

“మీ మామయ్య పోయాక దీని ఆలనాపాలనా నాదే కదమ్మా. పూత మీదుంది, ఎండిపోనివ్వమంటావా?”

“స్థలం మనది కాదు కదా.”

“కాదులే. ఇక్కడ చెత్తకుప్ప ఉన్నన్నాళ్ళూ ఓనరు ఇటు తొంగి కూడా చూడలేదు. మీ మామయ్యే వీధివాళ్ళందర్నీ వెంటేసుకుని ఆ కుప్ప ఎత్తించారు, మొక్కలు నాటించారు.”

“ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడెవరు కొన్నారు?”

“ఎవరో మహానుభావుడు. ఈ పచ్చదనం చూసి ముచ్చటపడ్డాడట. ఇల్లు కడతాడట.”

“అయ్యో! ఇంటికి రండి, చీకటి పడుతోంది.”

“వస్తాలే. ముందు మన చెత్తబుట్ట పట్రా.”

“ఎందుకత్తయ్యా?”

“ఇక్కడే కుమ్మరిద్దాం. మళ్ళీ చెత్తకుప్పయితే ఇది ఎవరికీ అక్కర్లేదు.”