రాంగెల్ మేస్త్రి రాగి గ్యాస్కెట్టు

ఆ బానెట్టు అప్పుడే మూసెయ్యకు కామెన్, నన్నోసారి చూడనీ. తెల్లపొగ కక్కుతోంది కదూ, పోసిన నీళ్ళు పోసినట్టు తాగేస్తోంది కదూ. ఆయిల్ మూత తియ్యి. చూశావా, లోపల మీగడలా తెల్లగా పేరుకుంది. రేడియేటర్ని తిట్టి లాభం లేదురా, గ్యాస్కెట్టు పోయింది. ఇది నా తెలివి కాదులే, రాంగెల్ మేస్త్రిది. నీకు తెలీదు, నువ్వు పుట్టకముందే పోయాడు. మా సహకార క్షేత్రంలో మెకానిక్కు. పొడుగ్గా, కాస్త వంగి ఉండేవాడు, ఏం చెప్పినా గొంతు లేచేది కాదు. "కింద దిమ్మ, పైన తల, మధ్యన ఈ పల్చటి రేకు, అంతే గుమస్తా. ఒక పక్క మంట, ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క నూనె. ఒకదాంట్లో ఒకటి కలవకుండా కాపలా కాసేది ఇదొక్కటే" అనేవాడు. గుమస్తా అంటే నేనే, అప్పట్లో ఆఫీసులో రాతకోతలన్నీ నావి.

కొండ మొత్తానికి ఒకటే డీజిల్ జీపు. మంత్రసాని స్టాన్కాని పై పల్లెలకి తీసుకెళ్ళడానికి, పురిటి మనుషుల్ని ఆసుపత్రికి దించడానికి అని కాగితం మీద ఉండేది. కాగితం మీదే. జీపుని మాత్రం చైర్మన్ గెన్చో గారు అడవిపందుల వేటకి తిప్పేవారు. జిల్లా నుంచి పెద్దమనుషులొస్తే ఆరుగురినెక్కించి నిటారైన ఎక్కుడు ఎక్కించడం, ఇంజిన్ మరిగిపోతే వాగులో బకెట్టు ముంచి ఆ చన్నీళ్ళు దాని నెత్తిన కుమ్మరించడం. "వేడి మీద చన్నీళ్ళు పోస్తే తల వంకరపోతుంది చైర్మన్ గారూ" అని రాంగెల్ చెబితే, "ఎవడి తలయ్యా" అని ఆయన నవ్వేవారు. ఆయనతో పాటు మేమూ నవ్వేవాళ్ళం, నవ్వకపోతే బావుండదు కదా. ఆఖరికి తలా వంకరపోయింది, గ్యాస్కెట్టూ కాలిపోయింది. కొత్తది పంపమని పై ఆఫీసుకి నేనే రాశాను, "ఒక గర్నితూరా కావలెను" అని. జీపుకి అని రాయడం మరిచాను. మన భాషలో ఇంజిన్లో గ్యాస్కెట్టూ గర్నితూరాయే, హాల్లో వేసుకునే సోఫా సెట్టూ గర్నితూరాయే కదా. మూడు నెలలకి లారీ వచ్చింది. అందులోంచి ఆకుపచ్చ ముఖమల్ సోఫా, దానికి జోడీగా రెండు కుర్చీలు దిగాయి.

గెన్చో గారు దాని మీద కూచుని, రెండుసార్లు ఎగిరి చూసుకున్నారు. తిప్పి పంపుదామా అన్నాను. "పై వాళ్ళు పొరపాటు చేశారని మనం రాసిస్తామా? మతుండే మాట్లాడుతున్నావా? రాయి. గర్నితూరా అందినది, అమర్చబడినది." రాశాను. అంతటితో జీపు బాగయిపోయింది. రాంగెల్ ఆఫీసుకొచ్చి సోఫా చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది నాలుగు సిలిండర్ల మీదా సరిపోతుందంటారా?" అని అడిగాడు. నిజంగా కొలత అడుగుతున్నట్టే అడిగాడు. చైర్మన్ గారికి మొహం కందిపోయింది.

ఫిబ్రవరిలో మంచు కప్పేసింది. మీ అమ్మమ్మ, నా జివ్కా, నెలలు నిండి పై పల్లెలో పుట్టింట్లో ఉంది. స్టాన్కా నడిచి దిగొచ్చి, "బిడ్డ అడ్డం తిరిగి ఉంది, ఆదివారంలోగా ఆసుపత్రికి చేర్చకపోతే నా చేతుల్లో లేదు" అంది. చైర్మన్ గారి దగ్గరికి పరిగెత్తాను. "బాగు చేసిన జీపుంది కదయ్యా, తీసుకుపో" అన్నారు. రాంగెల్ దగ్గరికెళ్ళి చెప్పుకున్నాను. ఇంటికెళ్ళి వాళ్ళ నాన్న ఇచ్చిన రాగి కాగు మోసుకొచ్చాడు, రకియా సారా కాచేది. ఊళ్ళో దానికి మించిన కాగు లేదు. దాన్ని నిలువునా చీల్చి, సాపు చేసి, పాత గ్యాస్కెట్టు పైన పెట్టి గీసి కోశాడు. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే రాగి మెత్తబడుతుందిట. ఇంజిన్ తలని మందపాటి అద్దం మీద గరుకు కాగితం పరిచి రెండు రోజులు రుద్దాడు. ఉక్కు బద్ద ఆనించి చూసి, సందులోంచి వెలుతురు కనపడితే మళ్ళీ రుద్దేవాడు. బోల్టులు మాత్రం, ఇది గుర్తుపెట్టుకో, ఒక్కసారే బిగించెయ్యలేదు. మంచం మీద దుప్పటి సర్దినట్టు నడుమ నుంచి అంచులకి, కాస్త కాస్త, మూడు విడతలు. శనివారం మధ్యాహ్నం తనే తోలుకుని పైకెళ్ళి, జివ్కాని తీసుకొచ్చి ఆసుపత్రిలో దించాడు. పుట్టింది మీ అమ్మే.

పన్నెండో రోజున మీటింగు పెట్టారు. ఆ జీపులో కొత్త గ్యాస్కెట్టు వేశాడంటే, అంతకు ముందు అమర్చబడినది ఏమిటని ఎవరైనా అడుగుతారు కదా. అందుకని, బాగున్న వాహనాన్ని అనుమతి లేకుండా విప్పి పాడుచేశాడని రాంగెల్ మీద నేరం. జీపు బయట ఇంజిన్ ఆపకుండానే ఉంది, మీటింగయ్యాక వేటకెళ్ళాలి. రాంగెల్‌ని ఎక్కడో ఉత్తరాన రాతిగనికి, నీళ్ళు తోడే పంపుల దగ్గరికి మార్చాలన్నారు. వెళ్ళాడు. ఆరేళ్ళకి ఊపిరితిత్తులు పాడై అక్కడే పోయాడు. ఆ రాగి రేకుతో జీపు పదకొండేళ్ళు తిరిగింది.

ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. స్టాన్కా ఒక్కతే ఎత్తలేదు. ఆ, నేనూ ఉన్నాను. ఉండకుండా ఎక్కడికి పోతాను, మినిట్సు రాసేది నేనే కదా.

కుడిచేత్తో రాస్తున్నాను. ఎడమ చెయ్యి ఎత్తాను.

ఆ పానా ఇటివ్వు. అది కాదు, పెద్దది.