పన్నెండు బెత్తెల బుట్ట

...ఆఁ, మధ్యలో రికార్డింగు ఆగిపోయిందే తల్లీ, మళ్లీ మొదలుపెడుతున్నా. పొద్దుననగా అడిగావు, ఇప్పటికి తెమిలాను, ఏమనుకోకు. ఫోను ఎక్కడో పడిపోయిందిలే, అదో కథ. మీ సంఘం వెదురుతో ఏం చేస్తుందో రేపటికల్లా ఫారంలో రాసివ్వాలన్నావు కదా, కుర్చీలా, పెన్నులు పెట్టుకునే గొట్టాలా అని. రాసేముందు మా పెదనాన్న సంగతి విను. నువ్వు పుట్టకముందే పోయాడు. బెత్తె అని పిలిచేవాళ్లు, అంటే నాలుగువేళ్ల వెడల్పు. దేన్నైనా నాలుగువేళ్లు ఆనించి కొలిచేవాడు, తలుపైనా సరే, పెళ్లికొడుకైనా సరే.

అప్పుడూ ఇదే గొడవ. సర్కారు ఆఫీసాయన వచ్చి, ఒక్క వస్తువు ఎంచుకోండి, అది అమ్ముడైతే షెడ్డు మీదే, లేదంటే సిమెంటు బస్తాలకి ఇచ్చేస్తామన్నాడు. వానొస్తే వెదురు చీల్చుకోడానికి మనవాళ్లకి అదొక్కటే నీడ. ఇంక చూడు, తలా ఓ మాట. మా పిన్ని కుర్చీలంది. ముప్ఫయ్యేళ్లు నేలమీద కూర్చుని అల్లిన మనిషి, ఒక్కటైనా తనకి మిగలదా అని ఆశ. మా బావ నిచ్చెనలన్నాడు, ఆయన జన్మలో ఒక్కటి ఎక్కిందీ లేదు. పెదనాన్నేమో చేటలు చాలన్నాడు. ఆఫీసాయన ముక్కుతో మాట్లాడేవాడులే, "పెద్దాయనా, పట్నంలో చెరిగేవాళ్లెవరండీ? దీపం మీద బోర్లించే బుట్ట చేయండి. ల్యాంపు షేడు." పెదనాన్నేమో, "వెలిగించి దానిమీద బుట్ట బోర్లించేకంటే, వెలిగించకుండా ఉంటే సరిపోతుందిగా బాబూ" అన్నాడు.

అయినా షెడ్డు కోసం ఒప్పుకున్నాడు. ఆఫీసాయన కాగితం మీద బొమ్మ గీసి, పక్కన పన్నెండు అని రాసిచ్చాడు. పన్నెండు ఏంటో రాయలేదు. అంగుళాలని ఆయనకి తెలుసు, బెత్తెలని మా పెదనాన్నకి తెలుసు, ఇంక అడిగేదేముంది? నెల్లాళ్లు కూర్చుని నలభై అల్లారు. ఒక్కోటి నా నడుం దాకా ఉంది. పైన తీగ, బల్బు దూరే చిల్లు కూడా మూడింతలు. ఆఫీసాయన చూసి, ఇందులో దీపం కాదు, కాపురం పెట్టొచ్చు అని తల పట్టుకున్నాడు. నెలాఖరుకి షెడ్డు ఖాళీ చేయమన్నాడు.

పెదనాన్నేమో, అందరి నీడా నా నాలుగువేళ్లు మింగేశాయని చెయ్యి చూసుకుంటూ కూర్చునేవాడు. అప్పుడే గుడ్లమ్మే ముసలామె, వాకిట్లో ఊరికే పడుంది కదా అని, ఒకటి పట్టుకెళ్లి కోళ్లమీద బోర్లించింది. మర్నాడే ఆయాసపడుతూ వచ్చింది. "మామూలు గంపైతే నూకలేద్దామని ఎత్తడమే ఆలస్యం, సగం కోళ్లు పరారు. దీనికి పైన చిల్లుందిగా, అందులోంచి వేస్తే ఒక్కటీ కదల్లేదు. ఇంకో నాలుగివ్వు." అంతే, సంతలో నలభయ్యీ ఒక్కపూటలో పోయాయి. ఆఫీసాయన పాపం ఏం రాయాలో తెలీక, ల్యాంపులు అమ్ముడయ్యాయి అని రాసుకుపోయాడు. మనవాళ్లూ ఆ కోళ్లగంపకి ఆ పేరే ఉంచేశారు. ఇప్పుడు మీరు కూర్చునే షెడ్డు అదేనే.

కాబట్టి ఫారంలో నువ్వు రాయాల్సిందేంటంటే... ఉండు, మీ అత్తయ్య కేకేస్తోంది. ఏంటే? ల్యాంపు ఎవరెత్తారా? నేనే ఎత్తా, నూకలేస్తుంటే ఫోను అందులో పడిపోతేనూ... అన్నీనా? రోడ్డు దాకానా? వస్తున్నా, వస్తున్నా, ఆ ఎర్రపుంజుని మాత్రం వదలకు—