గోడ వెనక వాన

పెరటి వెనక కొండను ఆపుతున్న రాతిగోడ నడిమిన పొట్టలా ముందుకొచ్చింది. గోడలు పరీక్షించే అమ్మాయి దాని మీద అరచెయ్యి ఆనించి, ఎవరి గుండెచప్పుడో వింటున్నట్టు కాసేపు నిలబడిపోయింది. ఇంటాయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"బాబాయిగారూ, అడుగున ఈ గొట్టాల్లో గుడ్డలు కుక్కిందెవరు?"

"నేనేనమ్మా. రాత్రంతా చుక్కాచుక్కా కారుతుంటే మీ పిన్నికి కునుకు పట్టేది కాదు. అదుగో, ఆ కిటికీ పక్కనే ఆవిడ మంచం."

"ఎప్పుడు కుక్కారు?"

"కిందటేడు వానల్లో. అప్పట్నుంచి పసిపిల్లలా నిద్రపోతోంది."

"కొండలో ఇంకిన నీళ్ళు బయటికి రావడానికి ఆ గొట్టాలే దారండీ. అవి మూసేసరికి నీళ్ళన్నీ వెనకే చేరి గోడని తోస్తున్నాయి. ఇంకో పెద్ద వాన పడిందంటే గోడ ఆ మంచం మీదే పడుతుంది."

"అయ్యో! హాయిగా పడుకుంటుందనే కదా తల్లీ, నేనలా చేసింది!"

"మించిపోయిందేం లేదు. ముందు పిన్నిగారి మంచం వీధిగదిలోకి మార్చండి. నేను గోడకి దుంగలతో ఆసరా పెట్టిస్తాను. ఆ తర్వాత ఒక్కో గుడ్డా తీద్దాం."

సాయంత్రానికి దుంగలు నిలిచాయి. మొదటి గుడ్డ ఆయనే లాగాడు. చల్లటి నీళ్ళు గుసగుసలాడుతూ ఆయన పాదాల మీంచి పారాయి.

వీధిగదిలోంచి నిద్రమత్తు గొంతు వినిపించింది.

"ఏమండీ, వానొస్తోందా?"

"రావట్లేదే. కిందటేటి వాన వెళ్ళిపోతోంది. నువ్వు పడుకో."