మా అయ్య వద్దన్న పతకం

ఏటి పబిత్రా, గూట్లో దాన్ని అంతలా చూస్తన్నావు? తీసి చూడు, పరవాలేదు, కరవదు. పతకమే. మనుషుల ప్రాణాలు కాపాడినోళ్లకి గవర్నమెంటోళ్లు ఇస్తారు చూడు, అది. మా అయ్యది. నీకు తెలీదులే, నువ్వు పుట్టేసరికే ఆయన పోయి చాలా కాలమైపోయింది. మగుణి అంటే చిలికా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా తెలీనోడు లేడు. ఇప్పుడు అందరూ ఏటనుకుంటారు? అబ్బో, ఢిల్లీ నుంచి పతకం వచ్చింది, మగుణి ఎంత మురిసిపోయేడో అనుకుంటారు. మురవడమా! నాకొద్దు మొర్రో అని పారిపోతే పోలీసులొచ్చి పట్టుకుపోయేరు. నవ్వకు. నిజం. పతకం ఇవ్వడానికి పోలీసులు పట్టుకెళ్లిన మనిషి ఈ దేశం మొత్తం మీద మా అయ్య ఒక్కడే అయ్యుంటాడు. కూకో, ఆ వల కొస అలా పట్టుకో. చెప్తాను.

అప్పటికి నాకు మీసం వచ్చీరాని వయసు. సేవతితో సంబంధం కుదిరిపోయింది. ఏ సేవతేటి, మీ మామ్మే, ఇంకెవరు. అవతలి ఒడ్డు పిల్ల. పెద్దోళ్లు వక్కలు మార్చుకున్నారు, వచ్చే ఫాల్గుణంలో పెళ్లనుకున్నారు. నేను దాన్ని సంతలో దూరం నుంచి చూసేను, అంతే. అంతే అంటున్నాను గానీ, ఆ చూడ్డానికే ప్రతి సంతకీ పోయేవోణ్ణి, అమ్మడానికి చేపలున్నా లేకపోయినా. ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని అవతలి ఒడ్డుకి పోతుంటే మా అమ్మ ఏమీ ఎరగనట్టు అటు తిరిగిపోయేది. ఆ, ఎక్కడున్నాం? బైశాఖం. బైశాఖంలో సాయంత్రం పూట వాయువ్యం మూల నల్లగా లేస్తాది చూడు, అలాంటి రోజున సంత పడవ మన రేవుకొస్తా నడి నీళ్లలో తిరగబడిపోయింది. జనం ఎక్కువ, మూటలు ఎక్కువ, పడవ పాతది. ఒడ్డున మనోళ్లందరూ ఉన్నారు. ఉండి ఏం లాభం? గాలికి కళ్లే తెరవలేకపోతన్నారు. చిలికాని ఏలే కాళీజాయి తల్లి అడిగింది, ఇచ్చెయ్యాలి, మధ్యన మనమెవరం అని పెద్దోళ్లు చేతులు జోడించేసేరు. మా అయ్య చేతులు జోడించలేదు. చిన్న డోంగీ ఒకటుండేది, ఇద్దరెక్కితే మూడోవాడికి చోటుండదు, అది తోసుకుని పోయేడు. మా అమ్మ ఆ వెనక నీళ్లలోకి నడుం దాకా దిగిపోయి తిట్టిన తిట్లు ఇప్పుడు నీకు చెప్పలేను. ఒక్కొక్కర్నీ ఎక్కించుకుని ఆరు సార్లు పోయి వచ్చేడు. ఆరుగుర్ని తెచ్చేడు. ఆఖర్న తెచ్చింది సేవతిని, మన ఒడ్డున చుట్టాలింటికి వస్తందంట.

నేను ఆ రోజు సంత నుంచి ముందు పడవకే వచ్చేసి ఒడ్డున ఉన్నాను. దాన్ని చూసి ఇసకలో కూలబడిపోయేను. బతికింది చాలు తల్లీ అనుకున్నాను. అసలు చిక్కు అక్కడే మొదలైందని అప్పుడు నాకేం తెలుసు?

మన ఊరి కట్టుబాటు నీకు తెలీదు. ఇప్పుడు మీరు ఇంజను పడవలు, ఒంటికి గాలి సంచులు, మీకవెందుకు. అప్పుడలా కాదు. చిలికాలో మునిగిపోతన్న మనిషిని ఎవరు లాగితే వాళ్లు ఆ మనిషికి నీటి తండ్రి. తల్లి తీసుకోబోయిన ప్రాణం, మళ్లీ పుట్టినట్టే లెక్క. ఎవరి చేతిలోకి పుడితే వాళ్ల బిడ్డ. కొత్త గుడ్డ పెట్టాలి, పండక్కి పిలవాలి, పోతే మైల పట్టాలి. సొంత బిడ్డకెంతో నీటి బిడ్డకీ అంతే. మరి సేవతి మా అయ్యకి కూతురైతే నాకేమవుతాది? ఆ. అదే. చెప్పడానికి నీకే నోరు రావట్లేదు, మరి నాకెలా ఉంటాది?

మా అయ్యకి ఒడ్డు చేరకముందే వెలిగిందది. అందుకని దిగుతూనే గట్టిగా చెప్పీసేడు. ఈ ఆడగుంటని నేను లాగలేదు, బోర్లాపడ్డ కుండ పట్టుకుని తనే కొట్టుకొచ్చింది, నేను దారిలో ఎక్కించుకున్నాను అంతే అన్నాడు. జనానికి అనుమానమే. కానీ ఎవరు చూసేరు? బతికినోళ్లు సగం చచ్చున్నారు. ఊరంతా ఆ కుండ మాట మింగీసింది, మా మీద జాలి కొద్దీ. మింగనోడు ఒక్కడే, కులపెద్ద ఉచ్ఛబ బెహెరా. తన సొంత మనవరాలి సంబంధాన్నే గోత్రం దగ్గరైందని తప్పించేసిన మనిషాయన. మా అయ్య మొహం కేసి చూసి, సరే మగుణీ, నువ్వన్నావు కాబట్టి అంతే, ఎవరూ అడగనంత కాలం నేనూ అడగను అన్నాడు. ఆ మాటకి మాకు ఊపిరొచ్చింది.

అడిగించినోడు మన బడి దామోదర మాస్టారు, పై ఊరోడు, మన కట్టుబాటు ఎరగడు. మంచోడు. మంచోళ్లతోనే చిక్కు. మన మగుణి అంత పని చేస్తే ఎవరికీ పట్టదా అని, మా అయ్యకి మాటమాత్రం చెప్పకుండా పై వాళ్లకి రాసీసేడు. డోంగీలోంచి దిగిన ఆరుగురి పేర్లూ రాసేడు. కొన్నాళ్లకి పతకం ఖాయమైందని కబురొచ్చింది. కలెక్టరు మన బడి ముందరికే వస్తాడంట, ఎవరెవర్ని కాపాడేడో పేరు పేరునా చదువుతాడంట. మాస్టారు మిఠాయి పట్టుకొచ్చి చెప్తే మా అయ్య ఆ మిఠాయి నోట్లో పెట్టుకుని మింగలేక, కక్కలేక అలా ఉండిపోయేడు.

తర్వాత కలెక్టరాఫీసుకి పోయేడు. బాబూ, ఆరు కాదు ఐదే, ఒక పేరు కొట్టీయండి అన్నాడు. అక్కడి గుమస్తా, ఇక్కడ మేకని కాపాడినోడు కూడా పతకం ఇమ్మని వస్తాడు, నువ్వేటయ్యా ఉన్నది తగ్గించమంటున్నావు, బతికిన మనిషిని బతకలేదని ఎలా రాస్తాం అని పంపించీసేడు. పతకమే వద్దన్నాడు. వద్దనడానికి అది నీదా, గవర్నమెంటుది అన్నారు. ఇంక ఆ రోజు నుంచి ఆయన నిద్దరపోయింది నేను చూడలేదు. గుమ్మంలో కూచుని నీళ్ల కేసి చూస్తా ఉండేవాడు. అన్నం తినమంటే, నా చేత్తో నీ పెళ్లి ముంచీసేను కదరా బైధరా అనేవాడు. లాగకపోతే పెళ్లెక్కడ, పిల్లెక్కడ? ఆ మాటే అన్నాను. అయినా ఆయన వినిపించుకోలేదు.

కలెక్టరొచ్చే రోజు తెల్లారేసరికి మనిషి లేడు. నలబణ దీవి దగ్గర రెల్లులో దాక్కుని పోలీసులకి దొరికేడు. తడి పంచెతోనే తెచ్చి కుర్చీలో కూచోబెట్టేరు. అటూ ఇటూ ఒడ్ల జనం అంతా ఉన్నారు. ఆడోళ్లలో సేవతీ ఉంది, మొహం మీద ముసుగు. కాబోయే మావ ముందర, పెద్దోళ్ల ముందర పెళ్లికూతురు నోరెత్తకూడదు కదా. కలెక్టరు కుర్రాడే, పాపం, గొంతు సవరించుకుని చదవడం మొదలెట్టేడు. ఒక్కొక్క పేరుకీ చప్పట్లు. ఆఖరి పేరు, సేవతిది, చదివేడు. చప్పట్లు లేవు. ఎవరూ చెయ్యి కదపలేదు. కలెక్టరుకేం అర్థం కాక మాస్టారి కేసి చూసేడు. మాస్టారికి అప్పుడే అర్థమైనట్టుంది, మొహం చేతుల్లో పెట్టీసుకున్నాడు.

ఉచ్ఛబ బెహెరా లేచేడు. ఇత్తడి బిందెతో చిలికా నీళ్లు తెప్పించి మా అయ్య ముందర పెట్టించేడు. ఇప్పుడు అడిగినట్టే మగుణీ, నీళ్లలో చెయ్యి పెట్టి చెప్పు అన్నాడు. ఆ నీళ్లలో చెయ్యి పెట్టి మా అయ్య అబద్ధమాడతాడా? చెయ్యి పెట్టేడు.

"నేనే లాగేను. జుట్టు పట్టుకుని లాగేను."

నా పనైపోయింది. మా అమ్మ పమిట నోట్లో కుక్కుకుంది. ఉచ్ఛబ బెహెరాకీ సంతోషం లేదు, అబద్ధమెందుకు, కళ్లు తుడుచుకోడం నేను చూసేను. అయినా వక్కలు వెనక్కి ఇప్పించడానికి చెయ్యెత్తేడు.

అప్పుడు ఆడోళ్లలోంచి ముసుగు లేచింది. లేచిందంటే ముసుగలాగే ఉంది, మనిషి లేచింది. సేవతి. నాలుగడుగులు ముందుకొచ్చింది.

"తాతా, నన్ను లాగినప్పుడు డోంగీ ఒరిగిపోయింది. ఈయన నీళ్లలో పడిపోయేరు. పంచె కాళ్లకి చుట్టుకుని మునిగిపోతంటే, నేను ఒక చేత్తో డోంగీ అంచు పట్టుకుని ఇంకో చేత్తో ఈయన్ని పట్టి పైకి లాగేను. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఒట్టు తప్పేను, ఆ పాపం నాదే."

చిలికాలో పుట్టి, చిలికాలో పెరిగిన మగుణి నీళ్లలో పడ్డాడా! ఒక గుంట లాగిందా! మనోళ్లలో అంతకన్నా చావు లేదు. ఆ సిగ్గుకే అంతకాలం ఆయన నోరు కట్టీసుకున్నాడు. కొడుకు పెళ్లి మునిగిపోతున్నా, నీళ్లలో పడ్డానన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. ఆ మాట పెళ్లిని నిలబెడతాదని ఆయనకి తట్టనేలేదు. ఉచ్ఛబ బెహెరా అడిగేడు, నిజమేనా అని. మా అయ్య తల నేల కేసి వాల్చి, చెయ్యి ఇంకా బిందెలోనే ఉంచి, ఊఁ అన్నాడు.

ఉచ్ఛబ బెహెరా గెడ్డం గోక్కున్నాడు. తర్వాత ఇలా చెప్పేడు.

"ఇతను లాగితే ఆ పిల్ల ఇతనికి కూతురు. ఆ పిల్ల లాగితే ఇతను ఆ పిల్లకి కొడుకు. ఒకే మనిషికి తండ్రీ, కొడుకూ ఎవడూ కాలేడు. అటు బాకీ ఇటు తీరిపోయింది. తల్లి ఎవర్నీ ఎవరికీ ఇవ్వలేదు, ఇద్దర్నీ ఎవరింటికి వాళ్లని పంపించీసింది. పెళ్లి చేసుకోండి."

జనం ఒక్కసారి ఊపిరి వదిలేరు చూడు, గాలి తిరిగిందేమో అనిపించింది నాకు. మా అమ్మ పోయి సేవతిని వాటేసుకుంది. మాస్టారు ఏడుస్తా అందరికీ దండాలు పెడతన్నాడు. నేనా? నేనేం చేసేనో నాకు గుర్తు లేదు, గెంతేనని మీ మామ్మంటాది, నమ్మకు. కలెక్టరు మాత్రం చేతిలో పతకం పట్టుకుని, మరి ఇది ఎవరికి వెయ్యాలి అని అడిగేడు, పాపం. సేవతి మా అయ్య వైపు చూపించి గబగబా వెనక్కి పోయి కూచుంది.

పతకం వెయ్యడానికి కలెక్టరు మా అయ్య దగ్గరికొచ్చేడు కదా. మా అయ్య లేవలేదు. కుర్చీలో తల పక్కకి వాలిపోయుంది. ఉచ్ఛబ బెహెరా వంగి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, నిద్దరపోతన్నాడు అన్నాడు. అన్నాళ్ల నిద్దర, అంత జనంలో, కలెక్టరు ముందర. గురక కూడా. ఎవరో తట్టబోతే కలెక్టరు వద్దని, పతకం మెల్లిగా ఆయన గుండెల మీద పెట్టీసి, చెప్పులు చప్పుడు కాకుండా జీపు దాకా నడిచి వెళ్లేడు.

…

ఏటి చూస్తన్నావు, కళ్లలో నలక పడింది. ఆ వల అటు లాగు.